పక్కింటాయన చూస్తుండగా వేసిన ఓటు

సోమవారం. రాత్రి పదకొండున్నర దాటింది. బాబు ఎప్పుడో పడుకున్నాడు. నాకు నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం ఆఫీసు కాల్ కాస్త ముందే ముగించి, గబగబా పెరుగన్నం తినేసి, నేనూ మా ఆవిడా హైస్కూలు జిమ్‌కి బయల్దేరాం. ఊరి టౌన్ మీటింగ్. మసాచుసెట్స్‌లోని ఈ చిన్న ఊరికి వచ్చి పదకొండేళ్లయినా, ఓటరుగా లోపల అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. పోయిన అక్టోబరులోనే సిటిజన్‌షిప్ ప్రమాణం చేశాను.

ఇక్కడ ఊరి బడ్జెట్‌ను ఏ కౌన్సిలో కూర్చుని పాస్ చేయదు. ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లు ఎవరొచ్చినా, ఆ రాత్రికి ఊరి శాసనసభ వాళ్లే. రాష్ట్రంలో ఊళ్లూ నగరాలూ కలిపి 351 ఉంటే, ఎక్కువ ఊళ్లలో ఇదే పద్ధతి, అదీ పదిహేడో శతాబ్దం నుంచి. చర్చించాల్సిన అంశాలన్నీ ముందే అచ్చు వేసి ఇస్తారు. దాన్ని వారెంట్ అంటారు.

గుమ్మం దగ్గర బల్లల మీద వీధులవారీగా జాబితాలు పెట్టారు. తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు నా పేరు కింద స్కేలు పెట్టి, ఎర్ర పెన్నుతో గీత గీసి, నారింజరంగు కార్డు ఒకటి చేతిలో పెట్టింది. మామూలు అట్టముక్క. దాని కోసం నేను ఈ దేశంలో ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆవిడకి తెలియదు కదా.

మా ఆవిడని మాత్రం పక్కనున్న మెట్ల వరసల వైపు పంపారు. ఓటు లేనివాళ్లు అక్కడే కూర్చోవాలి. తనకి గ్రీన్‌కార్డు ఉంది, పౌరసత్వం తీసుకోలేదు. భారత్ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. వాళ్లమ్మ ఉన్నంతకాలం ఆ పాస్‌పోర్టు వదలనంటుంది. ఇంటి పన్ను ఇద్దరి జీతాల్లోంచీ పోతుంది. ప్రాతినిధ్యం లేనిదే పన్ను కట్టం అంటూ 1773లో టీ పెట్టెల్ని సముద్రంలో పడేసిన బోస్టన్ రేవు మా ఇంటికి గంట దూరం. స్థానిక ఎన్నికల్లోనైనా ఇలాంటివాళ్లకి ఓటిద్దామని కేంబ్రిడ్జ్, ఆమ్‌హర్స్ట్ లాంటి ఊళ్లు రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగి చూశాయి, కుదరలేదు. అంత దూరంలో తను ఒళ్లో బ్యాగు పెట్టుకుని కూర్చుంటే నాకు మనసొప్పలేదు.

ఇవాళ అందరూ వచ్చింది స్కూళ్ల గురించి. ఆస్తి పన్ను కింద ఊరు వసూలు చేసే మొత్తం ఏడాదికి రెండున్నర శాతం మించి పెరగకూడదని 1980లో ఈ రాష్ట్ర ప్రజలే ఓటేసి చట్టం తెచ్చుకున్నారు. కొత్త కట్టడాల మీద వచ్చేది వేరు. అంతకు మించి కావాలంటే మళ్లీ ప్రజలనే అడగాలి. దాన్నే ఓవర్‌రైడ్ అంటారు. ఉద్యోగుల ఆరోగ్య బీమా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు ఖర్చు రెండున్నర శాతం దగ్గర ఆగడం లేదు. ఓవర్‌రైడ్ లేకపోతే టీచర్లు పోతారు. బాబు వయొలిన్ నేర్చుకునే ఆర్కెస్ట్రా క్లాసూ పోతుంది.

ఓవర్‌రైడ్ కావాలనేవాళ్లకి ఒక మైకు, వద్దనేవాళ్లకి ఒక మైకు పెట్టారు. మా పక్కింటాయన 'వద్దు' మైకు దగ్గర నిలబడ్డాడు. నాలుగేళ్ల క్రితం మంచు తుఫానులో నేను ఊళ్లో లేనప్పుడు, అడగకుండానే మా వాకిలంతా శుభ్రం చేసిన మనిషి. డెబ్బై ఎనిమిదేళ్లు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. చేతిలో మడత పెట్టిన కాగితం వణుకుతోంది. పేరూ వీధీ చెప్పి, "మేడమ్ మోడరేటర్" అని మొదలుపెట్టాడు.

ఇక్కడ ఎవరూ ఎవరితోనూ నేరుగా వాదించకూడదు. ఏం చెప్పినా సభ నడిపే మోడరేటర్‌కే చెప్పాలి. చప్పట్లు కూడా కొట్టనివ్వరు. "నా పిల్లలు చదివే రోజుల్లో నేనూ ఇలాగే పన్ను పెంచమని ఓటేశాను. ఇప్పుడు నా పెన్షన్ ఆగినచోటే ఆగింది. ఈ ఇంట్లోనే పోవాలని ఉంది" అన్నాడు. ఇంకేం మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నాడు. జిమ్ అంతా నిశ్శబ్దం. తర్వాత అటువైపు మైకులో ఒక తల్లి వచ్చింది. ఆవిడా మోడరేటర్‌నే చూస్తూ, ఆయన చెప్పిన మాట తన మనసులోంచి పోవడం లేదని చెప్పి, ఆపైనే తన కొడుకు సంగతి చెప్పింది.

అమెరికన్లకు ప్రభుత్వం మీద నమ్మకం పోయిందని సర్వేలన్నీ చెబుతున్నాయి. 1958లో మొదటిసారి అడిగినప్పుడు దాదాపు ముప్పావు వంతు మంది వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వాన్ని నమ్ముతామన్నారట. వియత్నాం యుద్ధం, వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత అది పడిపోయింది. 2007 నుంచి ప్యూ అనే పరిశోధన సంస్థ సర్వేల్లో ముప్పై శాతం దాటలేదు. స్థానిక ప్రభుత్వాల మీద నమ్మకం మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. ఎందుకో ఆ జిమ్‌లో నాకు కాస్త అర్థమైంది. పన్ను పెంచేవాడూ కట్టేవాడూ ఒకే వరసలో మడత కుర్చీల్లో కూర్చున్నారు. అలాగని అంతా బాగుందనీ అనను. వేలమంది ఓటర్లున్న ఊళ్లో వచ్చింది కొన్ని వందల మంది. చంటిపిల్లలున్నవాళ్లు, నైట్ షిఫ్టు వాళ్లు ఎలా వస్తారు?

నాన్న గుర్తొచ్చారు. మా ఊరి పంచాయతీలో ఒకసారి వార్డు మెంబరుగా చేశారు. గ్రామసభ అంటే తీర్మానం ముందే రాసి ఉండేదట, సంతకాల పుస్తకం మాత్రం ఇంటింటికీ తిరిగేదట. "నన్ను ఒక్కమాట అడగలేదురా" అని చాలా ఏళ్లు బాధపడ్డారు. గ్రామసభకి రాజ్యాంగంలో చోటు దొరికింది 73వ సవరణతో. కాగితం మీద ఆయనకీ నాకున్నంత హక్కే ఉంది.

పదిన్నరకి ఓటింగ్. రహస్యం ఏమీ లేదు, కార్డు పైకెత్తాలి. పక్కింటాయన నాకు రెండు వరసల ముందు కూర్చున్నాడు. 'ఒప్పుకునేవాళ్లు' అనగానే కార్డు ఎత్తాను. చెయ్యి బరువెక్కింది. లెక్కపెట్టేవాళ్లు వరసల మధ్య మెల్లగా నడుస్తున్నారు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నా కార్డూ చూశాడు. నేను దించలేదు.

తక్కువ తేడాతో నెగ్గింది. వచ్చేవారం బ్యాలెట్‌లో కూడా నెగ్గితేనే పన్ను పెరుగుతుంది.

పార్కింగ్‌లో ఆయనే మా కారు దగ్గరికొచ్చాడు. నాకేం మాట్లాడాలో తోచలేదు. "రేపు చెత్తబండి వస్తుంది, రీసైక్లింగ్ వారం కూడా, మర్చిపోకు" అని చెప్పి వెళ్లిపోయాడు. దారిలో మా ఆవిడ, "ఏవండీ, ఆయనకి కోపం వచ్చిందంటారా?" అంది. "తెలీదు" అన్నాను.

డబ్బాలు రెండూ బయట పెట్టి వచ్చి కూర్చున్నాను. అరవై అయిదు నిండినవాళ్ల ఇంటి పన్ను ఆదాయంలో పదో వంతు దాటితే, రాష్ట్రం కొంత వెనక్కిస్తుంది. సర్క్యూట్ బ్రేకర్ క్రెడిట్ అంటారు. ఆయన ఎప్పుడైనా పెట్టుకున్నాడో లేదో కనుక్కోవాలి. ఇవాళ కార్డు ఎత్తిన చేత్తో రేపు ఆ కాగితాలు పట్టుకుని ఆయన తలుపు ఎలా తట్టాలా అనే ఆలోచన. మా ఆవిడ తోడొస్తానంది.