వీఎం లేస్తోంది, పోస్ట్‌గ్రెస్ లేవట్లేదు: ఆరు సెకన్ల తేడా

కారణం దొరికింది! స్నాప్‌షాట్ (డిస్క్‌కి ఒక క్షణంలో తీసిన నకలు) నుంచి వీఎం (వర్చువల్ మెషీన్) రీస్టోర్ చేస్తే బూట్ అవుతుంది, ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ పనిచేస్తుంది, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మాత్రం లేవదు. సరైన చెక్‌పాయింట్ (ఇంతవరకూ మార్పులు డేటా ఫైళ్లలోకి చేరాయనే గుర్తు) రికార్డు దొరకలేదని పానిక్ కొట్టి పడిపోతుంది. పగలు తీసిన స్నాప్‌షాట్లు చక్కగా లేస్తాయి, రాత్రివే మొండికేస్తాయి.

వీఎం ఉన్నది అమెజాన్ క్లౌడ్ ముంబై రీజియన్‌లో, ఈసీ2 మీద. డేటాకి 40 జీబీ, డబ్ల్యూఏఎల్‌కి (మార్పుల్ని డేటా ఫైళ్ల కంటే ముందే రాసుకునే లాగ్) 10 జీబీ, విడివిడి ఈబీఎస్ వాల్యూమ్‌లు, అంటే క్లౌడ్ డిస్కులు. రాత్రి 2కి స్క్రిప్ట్ ఒకదాని తర్వాత ఒకటి స్నాప్‌షాట్ తీస్తుంది.

ముందు డిస్కుల ఎన్‌వీఎంఈ పేర్ల మీద అనుమానపడ్డాను. రీబూట్‌లో అవి తారుమారవుతుంటాయి కదా. కానీ ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉన్నవి యూయూఐడీలే, అవి మారవు. తర్వాత పోస్ట్‌గ్రెస్ వెర్షన్ తేడా అనుకున్నా, రెండు వైపులా ఒకటే. ఫైల్‌సిస్టమ్ చెక్ కూడా క్లీన్. ఇక పీజీ_కంట్రోల్‌డేటా (ఆఖరి చెక్‌పాయింట్ ఎక్కడో చూపేది), పీజీ_వాల్‌డంప్ (లాగ్‌లో ఏముందో చూపేది) పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బయటపడింది: డేటా డిస్క్ చెప్పే చెక్‌పాయింట్, డబ్ల్యూఏఎల్ ఆగిపోయిన చోటు దాటి దాదాపు 2 ఎంబీ అవతల ఉంది. అంటే ఇంకా రాయని పేజీ నంబరు విషయసూచికలో ఉన్నట్టు!

స్నాప్‌షాట్ల టైమ్ చూశాను. డబ్ల్యూఏఎల్‌ది 02:00:03, డేటాది 02:00:09. మధ్యలో ఆ ఆరు సెకన్లు. పగలు చెక్‌పాయింట్ ఐదు నిమిషాలకోసారి, కాబట్టి ఆ సందులో పడే అవకాశం నూటికి రెండు. రాత్రి 2కి మాత్రం సెన్సర్ రీడింగుల బల్క్ లోడ్ కూడా నడుస్తుంది. లాగ్ సైజు పరిమితి మ్యాక్స్_వాల్_సైజ్ డిఫాల్ట్ 1 జీబీ, అది నిండుతుంటే చెక్‌పాయింట్లు వెంటవెంటనే వస్తాయి. పగటివి లేచాయని కూడా నమ్మకూడదు. చెక్‌పాయింట్ పడకపోయినా, కొన్ని డేటా పేజీలు లాగ్ కంటే ముందుండొచ్చు.

వరస మార్చి డేటా ముందు, లాగ్ తర్వాత తీసి చూశాను. లేచింది. అయినా అది గ్యారంటీ కాదు: మధ్యలో చెక్‌పాయింట్ పూర్తయితే కావాల్సిన పాత లాగ్ ఫైళ్లు (సెగ్మెంట్లు) రీసైకిల్ అయిపోవచ్చు. లాగ్‌ని చెరిపేసి బలవంతంగా లేపే పీజీ_రీసెట్‌వాల్ వాడమని సలహాలు కనిపిస్తాయి. డేటా మీద ప్రేమ ఉన్నవాళ్లు దాని జోలికి పోకండి.

ఇప్పుడు వాల్యూమ్‌కొక కాల్ తీసేసి, ఇన్‌స్టెన్స్ మొత్తానికి ఒకే క్రియేట్‌స్నాప్‌షాట్స్ కాల్ పెట్టాను. తగిలించిన వాల్యూమ్‌లన్నీ ఒకే క్షణానివి. బల్క్ లోడ్ నడుస్తుండగానే తీసింది రీస్టోర్ అయింది.

డేటాబేస్‌కి ఇదొక్కటే చాలదని నా గట్టి అభిప్రాయం. మంగళవారం మధ్యాహ్నం 3:10కి ఎలా ఉందో అలా కావాలంటే పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ టూల్ పీజీబ్యాక్‌రెస్ట్ ఉండాల్సిందే. మామూలు ఫైళ్లకి రెస్టిక్ అనే బ్యాకప్ టూల్ హాయి.

తర్వాతి పని, స్నాప్‌షాట్ల కాపీ 2022లో వచ్చిన హైదరాబాద్ రీజియన్‌కి పంపడం. ఎన్‌క్రిప్ట్ చేసినవి కాబట్టి అక్కడ వేరే కేఎంఎస్ కీ (అమెజాన్ దాచిపెట్టే ఎన్‌క్రిప్షన్ కీ) కావాలి. నెట్‌వర్క్ సెట్టింగులైన సబ్‌నెట్, సెక్యూరిటీ గ్రూప్ ఐడీలూ మారతాయి, అందుకే రీస్టోర్ స్క్రిప్ట్‌ని టెర్రాఫామ్‌లోకి (క్లౌడ్ సెటప్‌ని కోడ్‌గా రాసే టూల్) మారుస్తున్నా. ముంబై మెషీన్ ఆపేసి, అక్కడ మాత్రమే లేపి చూడాలి.