హిస్టరీ ఆప్షనల్: యూరప్ మీద వచ్చిన పెద్ద పుస్తకాలను పరీక్ష కోసం ఎలా చదివాను

సివిల్స్ మెయిన్స్‌లో హిస్టరీని ఆప్షనల్‌గా (మనం ఎంచుకునే సబ్జెక్టుగా) తీసుకున్నవాళ్లం పేపర్-1లో మ్యాప్ దగ్గర్నుంచి మొఘలుల దాకా ప్రాణం పెట్టి చదువుతాం. పేపర్-2లో వరల్డ్ హిస్టరీ దగ్గరికి వచ్చేసరికి 'ఫ్రెంచి విప్లవం, బిస్మార్క్, రెండు యుద్ధాలు, అంతే కదా' అని చివరికి నెట్టేస్తాం. నేను ఆ భాగాన్నే ముందు పట్టుకున్నాను. అదీ యూరప్ చరిత్ర, రాజకీయాలు, ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) మీద వచ్చిన పరిశోధన గ్రంథాలతో. 'ఆ లావు పుస్తకాలు నిజంగానే చదువుతున్నావా, ఫోజు కోసమా?' అని స్టడీ హాల్లో పక్క సీటువాళ్లు అడుగుతుండేవాళ్లు. మెయిన్స్ రాసేశాను, ఫలితం ఇంకా రాలేదు. కాబట్టి దీన్ని టాపర్ మాటగా తీసుకోకండి, ఆ ప్రశ్నకు తీరిగ్గా రాస్తున్న జవాబు అనుకోండి.

ముందే ఒక మాట. బేసిక్ టెక్స్ట్‌బుక్ ఒకటి పూర్తి కాకుండా వీటి జోలికి వెళ్లొద్దు. వియన్నా కాంగ్రెస్ ఎప్పుడు జరిగిందో, 1848లో ఎక్కడెక్కడ తిరుగుబాట్లు వచ్చాయో మనకు తెలుసనుకునే ఈ రచయితలు మొదలుపెడతారు. నార్మన్ లోవ్ అయినా, అర్జున్ దేవ్ రాసిన పాత పుస్తకమైనా, తెలుగు అకాడమీ ప్రచురణ అయినా, ఏదో ఒకటి చాలు. నాలుగు కొని నాలుగూ సగం సగం చదవడం కోచింగ్ సెంటర్లున్న మన అశోక్‌నగర్ సంప్రదాయం. దాన్ని మీరు నిలబెట్టక్కర్లేదు.

మరి పెద్ద పుస్తకాలు ఎందుకంటే, 2015 జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్-1 ప్రశ్న ఒకటి చూడండి. రెండు ప్రపంచ యుద్ధాలకూ జర్మనీ ఎంతవరకు బాధ్యత వహించాలో విమర్శనాత్మకంగా చర్చించమన్నారు. కూటములు, సరాయెవో హత్య, వర్సాయ్, హిట్లర్ అని వరుసగా రాసి, 'జర్మనీ ఒక్కదాన్నే తప్పుపట్టలేం' అని ముగించే జవాబులు బోలెడు ఉంటాయి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అడిగింది 'ఎంతవరకు' అని. దానికి కొలత టెక్స్ట్‌బుక్‌లో దొరకదు, చరిత్రకారుల తగాదాల్లో దొరుకుతుంది.

ఈ తగాదా మాత్రం మహా రంజుగా ఉంటుంది. 1919 వర్సాయ్ ఒప్పందంలోని 231వ అధికరణ నష్టాలకు బాధ్యతను జర్మనీ, దాని మిత్రదేశాల మీద పెట్టింది. ఆ తర్వాత కొన్నేళ్లకు, ఎవరూ కావాలని చేయలేదు, అందరూ కలిసి యుద్ధంలోకి జారిపోయారు అనే వాదన బలపడింది. 1961లో ఫ్రిట్జ్ ఫిషర్ అనే జర్మన్ చరిత్రకారుడు ఆ వాదనను తిరగేశాడు. అప్పటి జర్మనీ చాన్సలర్ బెత్‌మన్ హోల్వెగ్ దగ్గర 1914 సెప్టెంబరులో తయారైన యుద్ధ లక్ష్యాల పత్రాన్ని ముందు పెట్టాడు. బెల్జియాన్ని చెప్పుచేతల్లో ఉంచుకోవడం, ఫ్రాన్స్ మళ్లీ లేవకుండా చేయడం, మధ్య యూరప్ అంతా జర్మనీ ఆర్థిక పెత్తనం కిందికి రావడం అందులోని అంశాలు. పశ్చిమ జర్మనీలో పెద్ద గొడవైంది. ఆయన అమెరికాలో ఉపన్యాసాలు ఇవ్వడానికి ఇస్తామన్న డబ్బును ప్రభుత్వం రద్దు చేసేంత దాకా వెళ్లింది. అదే 1961లో ఇంగ్లండ్‌లో ఏ.జె.పి. టేలర్, హిట్లర్ ముందే వేసుకున్న పథకం ప్రకారం నడవలేదు, దొరికిన అవకాశాన్నల్లా వాడుకున్న మామూలు జర్మన్ రాజకీయవేత్త అని రాసి తిట్లు తిన్నాడు. మొదటి యుద్ధంలో జర్మనీ తప్పును పెంచింది జర్మన్, రెండో యుద్ధంలో తగ్గించింది ఇంగ్లిష్‌వాడు, అదీ ఒకే ఏడాది! ఇక 2012లో క్రిస్టఫర్ క్లార్క్ 'స్లీప్‌వాకర్స్' రాశాడు. ఆ కథ బెర్లిన్‌లో మొదలవదు, 1903లో బెల్‌గ్రేడ్‌లో సెర్బియా రాజు, రాణి హత్యతో మొదలవుతుంది. ఎక్కడ మొదలుపెట్టాడన్నదే ఆయన వాదనలో సగం.

ఇవన్నీ జవాబులో కుక్కమని చెప్పడం లేదు. ఫిషర్, క్లార్క్ ఒక్కో వాక్యంలో వస్తే చాలు. నా జవాబులో మొదటి యుద్ధానికి జర్మనీ వాటా పెద్దదే అంటాను, ఎందుకంటే 1914 జులై మొదట్లో ఆస్ట్రియాకు 'ఏం చేసినా మేమున్నాం' అని భరోసా ఇచ్చింది అదే. కానీ రష్యా, సెర్బియా, ఫ్రాన్స్ నిర్ణయాలు లేకుండా అది ప్రపంచ యుద్ధం అయ్యేది కాదు. రెండోదానికి బాధ్యత సూటిగా నాజీ జర్మనీదే. చెకోస్లొవేకియాలో కొంత భాగాన్ని హిట్లర్‌కు వదిలేసిన 1938 మ్యూనిక్ ఒప్పందం, 1939 ఆగస్టులో స్టాలిన్‌తో ఒప్పందం దానికి దారి ఇచ్చాయి. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోవడానికి మీ దగ్గర ఆధారం ఉంటే ఇంకా మంచిది.

నాకు ఎక్కువ లాభం జరిగింది నేషనలిజం చాప్టర్లో. సిలబస్‌లో జర్మనీ, ఇటలీ ఏకీకరణ ఉంటాయి కాబట్టి అందరం కవూర్, గారిబాల్డీ దగ్గరే ఆగిపోతాం. ఫ్రాన్స్ అంటే 1789కే జాతి అయిపోయిందని అనుకుంటాం. యూజెన్ వెబర్ 1976లో రాసిన 'పెజంట్స్ ఇంటూ ఫ్రెంచ్‌మెన్' ఆ నమ్మకాన్ని కూలగొడుతుంది. 1863 నాటి అధికారిక లెక్కల్లోనే ఫ్రాన్స్ జనాభాలో సుమారు నాలుగో వంతుకు ఫ్రెంచి రాదు. బ్రెటన్, బాస్క్, ఆక్సితాన్, ఇలా ఎవరి మాట వాళ్లది. పల్లెల్లో రైతు తనను తాను ఫ్రెంచివాడిగా అనుకోవడం 1870 నుంచి 1914 మధ్యలో జరిగిందని, దాన్ని చేసింది విప్లవం కంటే కూడా రోడ్లు, రైళ్లు, బడి, సైన్యంలో తప్పనిసరి సేవ అని వెబర్ అంటాడు. 1881-82లో జూల్ ఫెర్రీ చట్టాలతో ఉచిత, నిర్బంధ విద్య వచ్చింది. బడిలో ఇంటి భాష మాట్లాడిన పిల్లాడి చేతికో మెడకో ఒక గుర్తు తగిలించేవారు. ఇంకో పిల్లాడు అలా మాట్లాడుతూ దొరికితే దాన్ని వాడికి అంటగట్టి బయటపడాలి. కాన్వెంట్‌లో తెలుగు మాట్లాడి ఫైన్ కట్టినవాళ్లకు ఈ పేజీలు వేరే నోట్స్ అక్కర్లేకుండానే గుర్తుండిపోతాయి.

వెబర్‌ను చదివాక ఊరుకోకూడదు, ఆయన్ను కాదన్నవాళ్లు ఏమన్నారో చూడాలి. పీటర్ సాలిన్స్ 1989లో 'బౌండరీస్' రాశాడు. 1659 పిరనీస్ సంధితో ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య రెండుగా చీలిన సెర్దాన్యా లోయ కథ అది. అక్కడి పల్లెవాళ్లు పచ్చిక బయళ్ల కోసం, నీళ్ల కోసం పొరుగూరితో గొడవపడుతూ, అవసరం కొద్దీ మేం ఫ్రెంచివాళ్లం, మేం స్పానిష్‌వాళ్లం అని తామే చెప్పుకోవడం మొదలుపెట్టారట. అంటే జాతీయత పారిస్ నుంచి కిందికి దిగడమే కాదు, సరిహద్దు ఊళ్ల నుంచి పైకి కూడా వెళ్లిందన్నమాట. ఆంత్రోపాలజీ ఆప్షనల్ వాళ్లకు ఒక చిన్న సంగతి: ఈయన మీ సిలబస్‌లోని ఆంత్రోపాలజిస్టు మార్షల్ సాలిన్స్ కొడుకే.

ఇక బెనెడిక్ట్ అండర్సన్ 'ఇమాజిన్డ్ కమ్యూనిటీస్'. దీన్ని చదవనివాళ్లు కూడా కోట్ చేస్తారు. 1983లో వచ్చిన ఈ పుస్తకం పేరొక్కటే రాస్తే మార్కులు రావు. పుస్తకాలు, పత్రికలు అచ్చువేసి అమ్మే వ్యాపారం ఒకరినొకరు ఎన్నడూ చూడని పాఠకులను ఒకే సమూహంగా ఊహించుకునేలా చేసిందన్నది వాదన. మన ఉదాహరణ ఒకటి చేతిలోనే ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టింది బొంబాయిలో. తెలుగు నేలకు అంత దూరంలో అచ్చయిన కాగితం గురించి రాస్తే అండర్సన్ వాదన మీకు అర్థమైందని పరీక్షకుడికి వేరే చెప్పక్కర్లేదు. దీనికి మన దేశపు పండితుడు పార్థా చటర్జీ అభ్యంతరాన్ని కూడా జత చేయండి. ఊహ కూడా యూరప్ నుంచే అరువు తెచ్చుకోవాలంటే వలస దేశాలకు ఊహించుకోవడానికి ఇంకేం మిగిలిందని ఆయన ప్రశ్న. ఇండియన్ నేషనలిజం జవాబులో కూడా ఇది పనికొస్తుంది, ఒక దెబ్బకు రెండు పిట్టలు.

ఆంత్రోపాలజీ వాళ్లు యూరప్ అంటే సిద్ధాంతాలు పుట్టిన చోటు అనీ, ఫీల్డ్‌వర్క్ అంటే పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవులూ, ఆఫ్రికాలోని న్యూయర్ తెగా అనీ అనుకుంటారు. యూరప్ పల్లెల మీద కూడా అదే పద్ధతిలో పనిచేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇవాన్స్-ప్రిచర్డ్ శిష్యుడైన జూలియన్ పిట్-రివర్స్ స్పెయిన్‌లో గ్రాసలేమా అనే కొండ ఊళ్లో ఉండి 'ద పీపుల్ ఆఫ్ ద సియెర్రా' రాశాడు, 1954లో. ఆ మరుసటి ఏడాదే ఎస్.సి. దూబే మన హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట మీద 'ఇండియన్ విలేజ్' తెచ్చాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఊరు తనకు తానే ఒక లోకమా, లేక బయటి ప్రభుత్వంతో, బజారుతో ముడిపడిన ముక్కా అన్న ప్రశ్న రెండుచోట్లా ఉంది. విలేజ్ స్టడీస్ మీద ఏ ప్రశ్న వచ్చినా ఈ పోలిక నిలబడుతుంది.

దీనికి తోడు ఎడ్వర్డ్ బాన్‌ఫీల్డ్ 1958 పుస్తకం చూడండి, కానీ జాగ్రత్తగా. దక్షిణ ఇటలీలో ఒక పేద ఊళ్లో జనం కుటుంబం దాటి ఎవరితోనూ కలిసి పనిచేయరని, అందుకే ఆ ఊరు వెనకబడిందని ఆయన తేల్చాడు. చదువుతున్నంతసేపూ నాకు ఒళ్లు మండింది. భూమి ఎవరి చేతిలో ఉంది, కూలి ఎంత, ప్రభుత్వం ఏం చేసింది అన్నవి పక్కకు నెట్టి పేదవాడి మనస్తత్వం మీద తప్పు వేయడం మనకు కొత్తేం కాదు. విమర్శకులూ సరిగ్గా ఇదే పట్టుకున్నారు. సంస్కృతితో పేదరికాన్ని వివరించే వాదన మీద ప్రశ్న వస్తే, దాన్ని ఎక్కడ విరగ్గొట్టాలో ఈ పుస్తకమే నేర్పుతుంది.

బ్రిటిష్ చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ సంగతి అందరూ అడుగుతారు. 1789 నుంచి 1914 దాకా మూడు సంపుటాలు, ఆ తర్వాత 1991 దాకా ఇంకొకటి. మొత్తం చదవాలని కూర్చుంటే ప్రిలిమ్స్ వచ్చేస్తుంది. మొదటి సంపుటంలో పారిశ్రామిక విప్లవం, ఫ్రెంచి విప్లవం చాప్టర్లు వదలొద్దు, మిగతావి అవసరాన్ని బట్టి. మార్క్సిస్టు దృష్టి కాబట్టి దాన్ని దాచకుండా జవాబులో చెప్పేయండి.

యూరోపియన్ యూనియన్ టాపిక్‌కు టోనీ జుడ్ట్ 'పోస్ట్‌వార్' దిండంత ఉంటుంది. ముందుమాట, 1945 తర్వాతి రెండు మూడు చాప్టర్లు, చివర 1989 ఘట్టం చదివి పెట్టేయవచ్చు. వాదన కావాలంటే చరిత్రకారుడు అలన్ మిల్వార్డ్ దగ్గరికి వెళ్లండి. యూరప్ ఏకీకరణకు పునాది వేసిన 1950 షూమన్ ప్రకటన, 1957 రోమ్ ఒప్పందం దేశాలను కరిగించడానికి వచ్చాయని మనం రాస్తాం కదా, ఆయన దాన్ని కాదంటాడు. యుద్ధంలో కూలిపోయిన దేశాలు మళ్లీ బలపడటానికే కలిశాయని 1992లో రాశాడు. యూరోపియన్ యూనియన్‌ను ఏర్పాటు చేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద సంతకాలు జరిగిన ఏడాది కూడా అదే.

నోట్స్ విషయానికొస్తే, పుస్తకానికి ఒక్క కాగితమే పెట్టుకున్నాను. రచయిత అడిగిన ప్రశ్న, ఇచ్చిన జవాబు, మరిచిపోలేని ఆధారం ఒకటి లేదా రెండు, కాదన్నవాళ్ల పేరు, సిలబస్‌లో అది తగిలే చోటు. రెండో పేజీకి వెళ్తుంటే నేను చదవడం మానేసి కాపీ చేస్తున్నానని లెక్క. ముందుమాట, ముగింపు చదివాక విషయసూచిక చూసి, మధ్యలో ఒక్క చాప్టర్ శ్రద్ధగా చదివితే ఆ కాగితం నిండుతుంది. వెబర్‌ను మాత్రం చివరిదాకా చదివాను, పరీక్ష కోసమని చెప్పను, బాగుంది కాబట్టి.

మెయిన్స్ తెలుగులో రాసేవాళ్లు ఈ పేర్లను ఒకే స్పెల్లింగ్‌తో ప్రాక్టీస్ చేయండి. ఫిషర్ ఒక పేజీలో ఫిషరు, ఇంకో పేజీలో ఫిస్చర్ అయితే చదివేవాడికి చికాకు.

పుస్తకాలు దొరకడం గురించి: కొత్తవి కొనే ధరలు కావు. నేను ఎక్కువగా యూనివర్సిటీ లైబ్రరీ మీద, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆధారపడ్డాను. ఫుట్‌పాత్ మీద హాబ్స్‌బామ్ తరచుగానే దొరుకుతాడు, వెబర్ అరుదు. అండర్సన్ పాత ప్రతి కనబడితే కొనేముందు 1991 ఎడిషనో, ఆ తర్వాతదో చూసుకోండి. సెన్సస్, మ్యాప్, మ్యూజియం మీద ఆయన రాసిన చాప్టర్ అప్పుడే చేర్చారు, బ్రిటిష్ ఇండియా సెన్సస్ మీద ప్రశ్నకు అది కావాలి.