మడుగుదుప్పి కొమ్ములు: ఏడో పోత కూడా పోయింది, కారణం మాత్రం దొరికింది

మడుగుదుప్పి నేను ఊహించుకున్న జంతువు. దాని బొమ్మ చేస్తున్నాను, చీకట్లో వెలిగే కొమ్ముల్ని రెసిన్‌తో మోల్డ్‌లో పోస్తున్నాను. ఈసారి మోల్డ్ విప్పి, లైట్లు ఆర్పి చూశాను. కొమ్ము మధ్యలో ఉంగరం తొడిగినట్టు 8 మి.మీ. వెడల్పున ఒక పట్టీ వెలుగుతోంది, దాని పైనా కిందా చీకటి. ఏడోసారి! కాసేపు ఏమీ ముట్టుకోబుద్ధి కాలేదు.

మడుగుదుప్పి పగలంతా చెరువు అడుగున పడుకుని నీళ్లలోకి దిగిన వెలుతురుని తాగుతుంది. రాత్రి తల పైకెత్తితే ఆ వెలుగు నుదుటి దగ్గర మొదలై కొమ్ము వెంట పాకుతూ, కొనకి చేరేలోపే సన్నగిల్లి ఆరిపోతుంది. ఈ జంతువుని ఊహించుకున్న రోజు నుంచీ నా కళ్లలో ఉన్నది ఆ ఒక్క దృశ్యమే, అందుకే ఇందులో రాజీ పడలేను.

ఒళ్లు పూర్తయింది. వేడి చేస్తే గట్టిపడే కాటో పాలీక్లేతో చేశాను, సన్నటి కాళ్లకి అంతకన్నా నమ్మకమైనది నా చేతికి ఇంకా తగల్లేదు. మెడ మీది నాచు, రెండు ముద్దలు కలిపితే గట్టిపడే అపాక్సీ స్కల్ప్‌తో పోగు పోగుగా లాగాను, బాగా కుదిరింది.

ఇక కొమ్ము సంగతి. పొడవు 74 మి.మీ., మొదట్లో మందం 6, కొన దగ్గర 1.2. మెల్లగా గట్టిపడే ఎపాక్సీ రెసిన్‌లో స్ట్రాన్షియం అల్యూమినేట్ పౌడర్ (వెలుతురుని దాచుకుని చీకట్లో వెలిగేది), ఆకుపచ్చ కాదు, నీలం కలిసిన ఆక్వా రంగు. పాత జింక్ సల్ఫైడ్ పౌడర్లు దీని వెలుగు ముందు నిలవవు. గొడవంతా బరువుతోనే. రెసిన్ సాంద్రత దాదాపు 1.1, పౌడర్‌ది 3.6 దాకా ఉంటుంది. మోల్డ్ నోరు కొమ్ము మొదలు వైపు ఉంది కాబట్టి పోసేటప్పుడు కొన కిందికి ఉంటుంది, పౌడరంతా కొనలోకి దిగిపోతుంది.

మొదటి పోతలో 60 మైక్రాన్ల ముతక పౌడర్, బరువులో 15 శాతం వేశాను. కింది 22 మి.మీ.లో పేరుకుపోయింది, మిగతాది గాజులా ఖాళీ. రెండోసారి 15 మైక్రాన్ల మెత్తటిది వాడితే ఎక్కడిది అక్కడే నిలిచింది గానీ వెలుగు నీరసంగా, అంతటా ఒకేలా వచ్చింది. మూడోసారి రెసిన్ తేనెలా చిక్కబడేదాకా 70 నిమిషాలు ఆగి పోశాను, కొనలోకి వెళ్లనేలేదు, చివరి 9 మి.మీ. అసలు ఏర్పడలేదు. నాలుగోసారి రెసిన్‌ని చిక్కబరిచే ఫ్యూమ్డ్ సిలికా పొడి 3 శాతం కలిపితే పౌడర్ దిగలేదు కానీ బుడగలూ బయటికి రాలేదు, పైగా కొమ్ము మసకబారింది. ఐదోసారి మూడు గంటలు ఐదేసి నిమిషాలకొకసారి మోల్డ్ తిప్పుతూ కూర్చున్నాను. పౌడర్ ఒక పక్క గోడకి అంటుకుంది. బహుశా నేను ఎప్పుడూ ఒకే వైపు వాల్చి ఆపుతున్నానేమో. ఆరోసారి యూవీ (అతినీలలోహిత) వెలుతురు తగిలితే గట్టిపడే రెసిన్. ఆ పౌడర్ పనే యూవీని మింగడం, ఇక లోపలికి వెలుతురు ఎలా చేరుతుంది? పైన గట్టి, లోపల జిగురు. 1 మి.మీ. పొరలుగా పోస్తే కుదరొచ్చు, కానీ పొరల గీతలు కొమ్ములో కనిపిస్తే నాకు నచ్చదు.

ఏడోసారి కొన వైపు 30 మి.మీ. ఉత్త రెసిన్ పోసి, అది గడ్డకట్టాక పైన పౌడర్ కలిపినది పోశాను. అది అతుకు దాకా దిగి అక్కడే కూర్చుంది. అదే ఆ ఉంగరం.

దాన్ని చేతిలో పట్టుకుని ఊరికే తలకిందులు చేసి చూస్తుంటే అప్పుడు తట్టింది. పౌడర్ దిగకుండా ఇన్నాళ్లూ ఆపుతున్నాను గానీ, నాకు వెలుగు కావలసింది మొదట్లోనే కదా! మొదలు కింద ఉంటే దిగనివ్వొచ్చు. అయితే ఒకే సైజు పౌడరైతే మొత్తం అడుగుకి చేరి గీత గీసినట్టు ఆగుతుంది. అందుకని 60 మైక్రాన్లది రెండు పాళ్లు, 35 మైక్రాన్లది ఒక పాలు కలిపాను. రేణువు సగమైతే దిగే వేగం నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి చిన్నవి దారిలోనే చిక్కుకోవాలి. 6 మి.మీ. స్ట్రాలో పోసి నిలబెట్టాను. పొద్దున చూస్తే అడుగున 15 మి.మీ. కళ్లు చెదిరేంత వెలుగు, అక్కడి నుంచి పలచబడుతూ 45 దాటాక ఏమీ లేదు. నేను గీసుకున్న బొమ్మలో ఉన్నదే!

ఇప్పుడు మోల్డ్ కొత్తగా చేయాలి. 1.2 మి.మీ. కొనలోంచి రెసిన్ పోయలేం కాబట్టి రెండు ముక్కల మోల్డ్, కింద మొదలు దగ్గర సిరంజి దూరే రంధ్రం, పైన కొన దగ్గర గాలి పోయే సన్న దారి. సిలికాన్ ప్లాటినం రకం, అందుకే కొమ్ము నమూనాని సగం పూడ్చడానికి గంధకం లేని క్లేనే వాడాను, లేకపోతే అంటుకున్న చోట సిలికాన్ గట్టిపడదు. మొదటి సగం పోశాను, రేపు రెండోది. సిరంజి తీశాక ఆ రంధ్రం కారకుండా ఎలా మూయాలన్నదే కాస్త టెన్షన్, మైనం ముద్ద పెట్టి చూస్తాను.

చెరువు పోత, అంటే బొమ్మ చుట్టూ నీళ్లలా రెసిన్ పోయడం, ఆ తర్వాతే. నీళ్లకి గోధుమ రంగు ఛాయ ఇద్దామనుకున్నాను, కానీ అది పౌడర్‌కి కావలసిన నీలం వెలుతురునే అడ్డుకుంటుంది, కాబట్టి పలచటి నీలం చాలు. పొట్ట కింద వెండిలా మెరిసే గాలి పొర రాకుండా ముందే పలచగా రెసిన్ పూత వేస్తాను. పాడైన కొమ్ముల్ని చెరువు అడుగున పరుస్తాను. మడుగుదుప్పి అమావాస్యకి కొమ్ములు రాలుస్తుంది, రాలినవాటిలో మిగిలిన వెలుగు ఎక్కడో ఒకచోటికి చేరి ఆగిపోతుంది. ఏడోదాన్ని మాత్రం గడ్డి మొదళ్ల పక్కన, ఆ ఉంగరం పైకి కనిపించేలా పెడతాను.