నాగలి కర్రుకు తగిలే ఎముక: జూడిత్ రైట్‌ని తెలుగు చేయాలంటే

ఆస్ట్రేలియా కవయిత్రి జూడిత్ రైట్‌ని (1915–2000) తెలుగు చేయాలనుకునేవాళ్లు 'బుల్లకీ'తో మొదలుపెట్టండి. 7 చరణాలు, 28 పాదాలు. చిన్న కవిత అని కాదు, ఇంత సులువుగా తప్పు చదవగల కవిత ఆవిడ రాసినవాటిలో మరొకటి కనబడదు.

ముందు ఆ పేరు దగ్గరే చిక్కు. బుల్లకీ అంటే ఎడ్లబండివాడు అని రాసేస్తే మన కళ్లముందు జోడెద్దుల బండి కదులుతుంది. ఉన్ని మూటలు, దుంగలు లాగే అక్కడి పెద్ద బండికి ఎనిమిది, పది జతల ఎడ్లను బారుగా కట్టేవారు. తోలేవాడు బండెక్కడు. పొడుగాటి చర్నాకోల పట్టుకుని ఎడ్ల పక్కన నడుస్తాడు. మూలంలో మొట్టమొదటి మాటే 'పక్కన'. అనువాదంలో 'బండెక్కి' అని పడిందా, మొదటి చరణంలోనే కవిత చెడింది.

ఎండకూ వానకూ ఓర్చి, ఏళ్ల తరబడి ఒంటరి దారుల్లో నడిచి నడిచి ఆ మనిషికి మతి చలిస్తుంది. తాను బైబిల్లో బానిసల్ని విడిపించి దేవుడు మాటిచ్చిన నేల (వాగ్దత్త భూమి) వైపు నడిపించిన మోషే అనుకుంటాడు, ఎడ్లు తన వెంట వచ్చే బానిసలు. రాత్రిపూట నెగడు పక్కన ప్రార్థనలు కేకలు పెడతాడు. ఆఖరి రెండు చరణాల్లో కాలం మారిపోతుంది: బండి గాడి మీద గడ్డి, గడ్డి కింద నాగలికి తగిలే ఎముక, వాలంతా ద్రాక్షతోట. ఆ ఎముకను వేళ్లతో గట్టిగా పట్టుకోమని కవయిత్రి ద్రాక్షతీగను అడుగుతుంది.

ఎవరి ఎముక? మూలంలో వట్టి 'ఎముక'. ఎద్దుదా, తోలినవాడిదా, వాళ్లకు ముందు ఆ నేల మీద ఉన్నవాళ్లదా? ఆఖర్లో మోషే పేరు వచ్చినా అనుమానం తీరదు. 'అతని ఎముక' అని మీరు తీర్చేయకండి.

ప్రాస దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. మూలంలో రెండో పాదానికీ నాలుగో పాదానికీ అంత్యప్రాస. తెలుగులో క్రియ చివర్న వస్తుంది కాబట్టి 'నడిచాడు, అరిచాడు' అంటూ ప్రాస దానంతటదే పడి పిల్లల పాటలా తయారవుతుంది. ప్రాసకు బదులు గురజాడ ముత్యాలసరం, ఆ మూడూ నాలుగు మాత్రల నడక, ఇక్కడ బాగా అతుకుతుంది.

బడి పుస్తకాలు దీన్ని అడవి కొట్టి దేశం కట్టినవాళ్ల స్తుతిగా చదివించాయి. రైట్‌కి అది ఎంత కష్టం తోచిందంటే, సంకలనాల్లో వేసుకోవడానికి తర్వాత అనుమతే నిరాకరించింది. ఆవిడ బాధ అర్థం కావాలంటే 'బుల్లకీ' ఉన్న తొలి సంపుటి 'ది మూవింగ్ ఇమేజ్'లోనే (1946) వచ్చిన 'బోరా రింగ్' కవితను దీని పక్కన పెట్టుకుని చదవండి. బోరా అంటే ఆదివాసులు మగపిల్లల్ని పెద్దవాళ్లలో కలుపుకునే క్రతువు. అది జరిపే గుండ్రటి చోటే రింగ్. అక్కడా గడ్డే. నాట్యం ఆడిన చోటుకు గుర్తుగా మిగిలింది అదొక్కటే. అటుగా వచ్చిన గుర్రపు రౌతు గుండె ఒక్క క్షణం ఆగుతుంది, బైబిల్లోని కయీను నాటి భయంతో. ఒక కవితలో వాగ్దత్త భూమి, ఇంకోదానిలో తోడబుట్టినవాణ్ణి చంపిన శాపం. రాసింది తరాలుగా ఆ గడ్డి మీదే మందలు మేపిన భూస్వాముల ఇంటి ఆడపిల్ల. రెండు చోట్లా 'గడ్డి' అనే రాయండి. ఒకచోట గరిక, ఒకచోట పచ్చిక అన్నారంటే ముడి తెగిపోతుంది.

'బోరా రింగ్'లో లోపం లేకపోలేదు. ఆదివాసులంతా పోయినట్టే మాట్లాడుతుంది, వాళ్లు పోలేదు. 1964లో వచ్చిన ఆదివాసి కవయిత్రి ఊజరూ నూనకల్ (అప్పటికి కాత్ వాకర్) తొలి సంపుటిని రాతప్రతిలోనే చదివి, అచ్చువేయమని ప్రచురణకర్తకు చెప్పింది రైటే. తర్వాత ఆమెనుద్దేశించి రాసిన 'టూ డ్రీమ్‌టైమ్స్'లో మాట్లాడటానికి ఎదుట ఒక మనిషి ఉంది. మూడో అనువాదంగా అది చేయండి.

నేల గురించిన ఆ బాధే ఆవిణ్ణి సముద్రం దాకా తీసుకెళ్లింది. 1962లో క్వీన్స్‌లాండ్‌లో వన్యప్రాణి సంరక్షణ సంఘం పెట్టినవాళ్లలో ఆవిడ ఒకరు. 1967లో ఒక చెరకు రైతు, గ్రేట్ బారియర్ రీఫ్‌లోని ఎల్లిసన్ రీఫ్ అనే పగడపు దిబ్బ ఎలాగూ చచ్చిపోయింది, ఎరువు సున్నానికి తవ్వుకుంటానని దరఖాస్తు పెట్టాడు. సంఘం తరఫున ఈతగాళ్లు నీళ్లలో దిగి, అది బతికే ఉందని సాక్ష్యం తెచ్చారు. దరఖాస్తు వీగిపోయింది. గ్రేట్ బారియర్ రీఫ్ రక్షణ చట్టం 1975లో వచ్చింది.

1985 నాటి 'ఫాంటమ్ డ్వెలింగ్' సంపుటి చివర్లో గజళ్లున్నాయి. దాశరథి, సినారె గజళ్లు విన్న చెవితో వెళితే రదీఫ్ (ద్విపదల చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట), కాఫియా (దాని ముందు పడే ప్రాస) దొరకవు. రైట్ వాటిని వదిలేసి, దేనికది నిలబడే ద్విపదల్ని మాత్రం ఉంచుకుంది. తెలుగులో రదీఫ్ చేర్చాలని చెయ్యి లాగుతుంది. చేర్చకండి, ద్విపదకూ ద్విపదకూ మధ్య ఒక ఖాళీ పాదం వదలండి.