రెండో వైపు కూడా వినాలి

మన పూర్వ విద్యార్థుల సమ్మేళన సంచికకు బడి జ్ఞాపకాలు రాయమని అడిగారు. ఆటల పోటీల గురించీ, వార్షికోత్సవ నాటకాల గురించీ నాకంటే బాగా రాయగలవారు మన జట్టులో చాలామంది ఉన్నారు కనుక ఆ పని వారికే వదిలేసి, ఆ బడిలో అంటుకొని ఈ వయసు దాకా నన్ను వదలని ఒక వ్యసనం గురించి రాస్తాను. అది ఆల్బమ్‌లు వినడం, అంటే ఒక రికార్డును మొదటి వైపు మొదటి పాట నుంచి రెండో వైపు చివరి పాట దాకా, మధ్యలో ముల్లు ఎత్తకుండా వినడం.

పర్లాకిమిడిలో పెరిగిన తెలుగువాడికి తెలియని భాషలో పాట వినడం ఎన్నడూ వింత కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన ఊరు అటు, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు అయ్యాయి కాని మైకుసెట్లకు ఆ సరిహద్దు ఎప్పుడూ పట్టలేదు. రథయాత్రకు భికారి బల్ ఒడియా భజనలు, శ్రీరామనవమి పందిట్లో ఘంటసాల పద్యాలు, సంతకు కొండ దిగివచ్చే సవరల మాటలోని రాగం, ఇవన్నీ ఒకే వీధిలో వినేవాళ్ళం. మాట అర్థం కాకపోతే పాట అర్థం కాదన్న భయం మనలో ఎవరికీ ఉండేది కాదు. తరువాత జాజ్‌నైనా, జమైకా పాటనైనా నేను బెదరకుండా వినగలిగానంటే ఆ పుణ్యం మన వీధులది.

వినే పద్ధతి మాత్రం మన సైన్సు మాష్టారిది. శనివారం ఒంటిపూట బడి అయ్యాక ప్రయోగశాలలో ఆయన తన సొంత హెచ్‌ఎంవీ రికార్డు ప్లేయరు బల్లమీద పెట్టి, కాలికింద తడబాటు లేకుండా నాలుగు మూలలా అట్టముక్కలు సర్దేవారు. రికార్డును రెండు అరచేతుల నడుమ అంచులకే పట్టుకొని, వెలుతురుకు వంచి దుమ్ము చూసి, పాత మల్లుపంచె ముక్కతో గీతల వెంబడి గుండ్రంగా తుడిచేవారు. అడ్డంగా తుడవబోయిన వాడికి మొట్టికాయ పడేది. ముల్లు దించాక వచ్చే ఆ చిటపట వినబడగానే గదిలో దగ్గు కూడా ఆగిపోవాలి. ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు నడుస్తుంది. అది పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదు, నచ్చిన పాట మళ్ళీ పెట్టమని అడగకూడదు. రెండో వైపు వినకుండా ఇంటికి పోయినవాడు మరుసటి వారం రానక్కరలేదు. ఈ కట్టుబాటు అప్పుడు విసుగనిపించేది కాని, ఆల్బమ్‌ను తూచడానికి నా చేతిలో ఇప్పటికీ ఉన్న తూనిక అదొక్కటే. ఒక పాట తీసేస్తే మిగిలినవాటికి లోటు తెలియాలి. పాటల వరుస మార్చితే చెవి అభ్యంతరం చెప్పాలి. అలా చెప్పకపోతే అది ఎంత మంచి పాటల మూట అయినా నా లెక్కలో ఆల్బమ్ కాదు.

ఆ గదిలో మొదట విన్నవాటిలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం ఒకటి. 1963 నాటి ఈ రికార్డును తెలుగువాళ్ళు గుడి మైకులో వినీ వినీ అసలు వినడం మానేశారని నా ఫిర్యాదు. సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం అన్న వరుస స్వామిని మేల్కొలపడంతో మొదలై మంగళం పాడడంతో ముగుస్తుంది కనుక, అందులో ఏ భాగాన్నీ చోటు మార్చలేము. దాన్ని పొద్దుటి పనుల వెనుక మోగనివ్వకుండా ఒక్కసారి కూర్చొని వినండి. గొంతు ఎక్కడా భక్తిని ప్రదర్శించదు. శ్లోకం తరువాత శ్లోకంగా ఒకే నడక, ఒకే నిబ్బరం కనిపిస్తాయి.

నన్ను పూర్తిగా లొంగదీసింది మాత్రం 1967లో వచ్చిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు కలిసి కాశ్మీరు లోయలో ఒక గొర్రెలకాపరి గడిపే ఒక రోజును వినిపిస్తారు. తెల్లవారుజామున అహిర్ భైరవ్‌తో మొదలుపెట్టి, పొద్దు తిరిగేకొద్దీ రాగం మార్చుకుంటూ, రాత్రికి దేశ్, పహాడీల దాకా వస్తారు. మన కర్ణాటక సంగీతంలో రాగానికి వేళ పట్టింపు సడలిపోయింది. హిందుస్తానీలో అది నిలిచి ఉండడం వల్లనే ఈ రికార్డులో పాటల వరుసకు గడియారం కాపలా కాస్తున్నట్లు ఉంటుంది. సంతూర్‌లో తీగను పుల్లతో తట్టగానే స్వరం పుట్టి వెంటనే సన్నగిల్లుతుంది కనుక దానితో గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, కష్టం. వేణువు ఊపిరి ఉన్నంతసేపూ స్వరాన్ని సాగదీయగలదు. కాబ్రా గిటారు తీగమీద కమ్మీ జార్చి వాయిస్తాడు కనుక ఆ రెంటి నడుమ వంతెన కడతాడు. ముగ్గురిలో ఎవరూ ఎవరినీ మించాలని చూడకపోవడమే ఈ ఆల్బమ్ గొప్పతనమని నా అభిప్రాయం. దీన్ని తేలిక సంగీతమని పెదవి విరిచే పండితులు ఉన్నారు. వారు రెండో వైపు వినలేదని నా అనుమానం.

మన ప్రాంతపు మనిషి ఒకరిని ఇక్కడ తలచుకోకపోతే తప్పవుతుంది. గీతగోవిందం పాడడంలో ఒడిశాలో పెద్దపేరు తెచ్చుకున్న రఘునాథ్ పాణిగ్రాహి మన చిన్నరైలు చివరి స్టేషను గుణుపురం వాడు. నౌపడాలో ఎక్కితే పర్లాకిమిడి మీదుగా గుణుపురం చేరే ఆ రెండున్నర అడుగుల పట్టాల బండిని మనం ఎరిగినంతగా ఆయననూ ఎరిగి ఉండవలసింది. 1956లో వచ్చిన ‘ఇలవేలుపు’ చిత్రంలో సుసర్ల దక్షిణామూర్తి స్వరపరచిన ‘చల్లని రాజా ఓ చందమామా’ పాటలో పి. సుశీల, పి. లీలలతో వినిపించే మగగొంతు ఆయనదే. మద్రాసు సినీరంగంలో ఆయన నిలదొక్కుకోగలిగేవాడే కాని, ఒడిస్సీ నర్తకి సంయుక్తా పాణిగ్రాహిని పెళ్ళాడి, ఆమె నాట్యానికి గాత్రమై జీవితం గడిపాడు. ఆయన అష్టపదులు రికార్డు మీద వింటుంటే ఒక సంగతి తెలుస్తుంది: అడుగుకు చోటు విడిచి పాడేవాడి పాటలో ఖాళీలు ఎక్కువగా ఉంటాయి. నాట్యం కనబడకుండా ఆ ఖాళీలను వినవలసి వచ్చినప్పుడు కొంత వెలితి కలుగుతుందని ఒప్పుకోవాలి. అయినా జయదేవుని సంస్కృతాన్ని అంత ఒత్తిడి లేకుండా పలికినవారు నాకు మరొకరు తారసపడలేదు.

ఉద్యోగం కలకత్తాలో దొరికింది. ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లోని పాత రికార్డుల దుకాణాలు లేకపోతే నా జీతంలో కొంత మిగిలి ఉండేది. అక్కడ కొన్నవాటిలో అమెరికా జాజ్ బాకా వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ నాకు చాలాకాలం కొరుకుడు పడుతుందనుకోలేదు, మొదటి పాటకే పడింది. కారణం చిన్నది. ఆ మొదటి పాట స్వరాలు వరుసగా పేర్చి చూస్తే మన ఖరహరప్రియ రాగం. అంతవరకు జాజ్‌లో తీగమేళనాలు (కార్డ్‌లు) క్షణక్షణం మారుతుంటే వాటి వెంట పరుగెత్తి మనోధర్మం వినిపించడం ఆనవాయితీ. 1959లో డేవిస్ ఆ పరుగు ఆపి, ఒకే స్వరవరుసలో చాలాసేపు నిలబడమని తన వాళ్ళకు చెప్పాడు. నడుమ షడ్జమాన్ని (ఆధార స్వరం ‘స’ను) అర మెట్టు పైకి జరిపి అదే వరుస మళ్ళీ పాడించి, తిరిగి కిందికి దించుతాడు. రాగాలాపన విన్న చెవికి ఇది ఇరుగింటి వ్యవహారమే. డేవిస్ బాకా అందుకున్న క్షణంలో డ్రమ్ములు వాయించే జిమ్మీ కాబ్ తాళం పళ్ళెంమీద ఒక్క దెబ్బ వేస్తాడు. అది కొంచెం గట్టిగానే పడుతుంది, ఆపైన దాని మోత నెమ్మదిగా కరుగుతూంటే బాకా దానిమీద నడిచి వస్తుంది. రెండు రోజుల్లో రికార్డు చేసిన ఐదు పాటల్లో నాకు ఆ ఒక్క దెబ్బే ముందు గుర్తుకువస్తుంది.

అదే ఏడాది వచ్చిన జాజ్ పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’ను నేను అంతగా ఆదరించలేను. అందులో పేరుపడ్డ ‘టేక్ ఫైవ్’ ఐదు దెబ్బల నడక, మూడు రెండుగా సాగుతుంది. మన ఖండచాపు తాళం రెండు మూడుగా సాగుతుంది. బ్రూబెక్ బృందం 1958లో మన దేశంలోనూ కచేరీలు చేసింది. పాల్ డెస్మండ్ సాక్సఫోన్ తీయగా ఉంటుంది, సందేహం లేదు, కాని ఆల్బమ్ మొత్తం మీద ‘చూశారా, ఎంత కష్టమైన లెక్కో’ అన్న ధోరణి వినబడుతుంది. మన వైపు మృదంగం నేర్చుకునే కుర్రాడు ఆ లెక్కకు ఆశ్చర్యపోడు.

లెక్కను దాచిపెట్టడం ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్‌కు తెలుసు. 1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ రెండో వైపు మొదట్లో నాణేల గలగల, గల్లాపెట్టె చప్పుడు తాళంగా అమరిన పాట ఒకటి ఉంది. దాన్ని చేతిమీద వేసి చూడండి, ఏడు దెబ్బలు, మన మిశ్రచాపులోనివి ఎన్నో అన్నే. గిటారు విజృంభించే చోట నాలుగుకు మారి, పని అయ్యాక మళ్ళీ ఏడుకు వస్తుంది. ఇంత జరిగినా వినేవాడు లెక్కపెట్టకుండానే తల ఊపుతాడు. గుండెచప్పుడుతో మొదలై గుండెచప్పుడుతో ముగిసే ఈ రికార్డులో ఒక పాట మరొక పాటలోకి కలిసిపోతుంది కనుక మన మాష్టారి పరీక్షలో ఇది సునాయాసంగా నెగ్గుతుంది. 1979లో వారే తెచ్చిన జంట రికార్డు ‘ది వాల్’ ఒక్క రికార్డుగా వచ్చి ఉంటే రెట్టింపు బాగుండేది.

పాశ్చాత్య శాస్త్రీయంలో నాకున్న పరిచయం కొద్దిపాటిదే కాని, బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ను పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ రెండుసార్లు రికార్డు చేసిన సంగతి మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. 1955లో ఇరవై పైచిలుకు వయసులో చేసినది ముప్పై ఎనిమిది నిమిషాల్లో దూసుకుపోతుంది. 1981లో చేసినది యాభై ఒక్క నిమిషాలు తీసుకుంటుంది. మొదటిది విని అబ్బురపడతాము. రెండోదాన్ని నేను ఎక్కువసార్లు వింటాను. ఒక పల్లవి, దానిమీద ముప్పై రూపాంతరాలు, చివర మళ్ళీ అదే పల్లవి. రెండోసారి గూల్డ్ ఒక రూపాంతరపు నడకకూ మరొకదాని నడకకూ నడుమ లెక్కకట్టిన సంబంధం ఉంచాడు. ఒకే కాలప్రమాణాన్ని పట్టుకొని మొదటి కాలం, రెండో కాలం పాడే మన పద్ధతి తెలిసినవారికి ఆ నిగ్రహం విలువ ఇట్టే పట్టుబడుతుంది. పియానో వెనుక ఆయన కూనిరాగం కూడా వినబడుతుంది. కొందరికి అది చిరాకు, నాకు ధైర్యం.

మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ గురించి అడుగుతారు గనుక చెబుతున్నాను. 1982 నాటి ఆ తొమ్మిది పాటల్లో నాలుగు నిర్దుష్టమైనవి, వాటి వరుస ఎలా మార్చినా ఏమీ చెడదు, కనుక నా లెక్కలో అది మూట. జమైకా గాయకుడు బాబ్ మార్లే పోయాక 1984లో తెచ్చిన ‘లెజెండ్’ కూడా అంతే, ఏరి కూర్చిన సంకలనం. అందరింటా ఉండేది అదే, వినవలసింది 1977 నాటి ‘ఎక్సోడస్’. మొదటి పాట వినబడీ వినబడని చోటు నుంచి మెల్లగా దగ్గరికి వస్తుంది. మొదటి వైపంతా ధర్మాగ్రహం, వలసపోయే జనం. రెండో వైపు ప్రేమ, ఊరట. ఒక్క వైపే విన్నవాడికి మార్లే సగం మనిషిగానే మిగులుతాడు. ఖవ్వాలీ గాయకుడు నస్రత్ ఫతే అలీఖాన్ ‘మస్త్ మస్త్’ మాత్రం నాకు అసంతృప్తి. ఖవ్వాలీకి కావలసిన ఆరోహణకు అందులోని చిన్న పాటలు చోటివ్వవు.

ఇరుదేశాల కలయిక అనగానే నాకు ‘శక్తి’ బృందం 1976లో తెచ్చిన తొలి ఆల్బమ్ గుర్తుకువస్తుంది. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం. కచేరీలో రికార్డు చేసినది. రెండో వైపంతా ఒకే ఒక్క కృతి, అరగంటకు దగ్గర. ఘటం తబలాతో వాదులాడే చోట ఎవరు ఎవరో మరిచిపోతాము. ఇళయరాజా 1986లో త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ ఇంతకంటే లోతైన పని. వి.ఎస్. నరసింహన్ వయొలిన్ అందులో ప్రాణం. అయితే ఇద్దరు వాగ్గేయకారులనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘కలిశారు చూడండి’ అన్నచోట్ల కంటే, ఆ సంగతి మరచి హాయిగా స్వరం అల్లుకుపోయిన చోట్లనే అది నాకు నచ్చుతుంది.

మన సినిమా పాటలకు ఈ తూనిక పట్టదు. వరుస నిర్ణయించేది రికార్డు కంపెనీ. క్యాసెట్లు వచ్చాక ఒక వైపు ఒక సినిమా, మరో వైపు ఇంకో సినిమా నింపి అమ్మారు. ఈ తూనికకు అందకపోయినా నిలబడేది ‘శంకరాభరణం’ ఒక్కటే. కె.వి. మహదేవన్ పాటలను ఏ వరుసలో విన్నా కథ లోపలి నుంచి తనంతట తాను నిలబడుతుంది, ఎందుకంటే అందులో పాటే కథ.

ఇప్పుడు ఫోన్లో పాటలు తమంతట తామే వరుస మార్చుకొని మోగుతాయి. ఆ మీటను మొదట ఆపేయమని మన పిల్లలకు చెబుతుంటాను, వారు నవ్వుతారు. సమ్మేళనం రోజు సాయంత్రం పాత ప్రయోగశాలలో ఒక గంట దొరికితే రికార్డు ప్లేయరు నేను తెస్తాను, ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రెండు వైపులా వేద్దాం. ఎవరింట్లోనైనా అటకమీద ఒడిస్సీ చంపూల రికార్డులు, ముఖ్యంగా మన గంజాం కవిసూర్య బలదేవ రథ్ రాసిన ‘కిశోరచంద్రానన చంపూ’ పాడినవి ఉంటే వెంట తెండి. గీతలు పడినా ఫరవాలేదు. అడ్డంగా మాత్రం తుడవకండి.