వెలికీ ఒక పద్ధతి

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకు క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి చరిత్ర బడి పాఠాల్లోనే ఎదురవుతుంది. మా అమ్మాయిని బెట్సీ రాస్ గురించి రాసుకురమ్మన్నారు. ఆమె అమెరికా తొలి జెండా కుట్టిందన్న కథ దానికి పట్టలేదు (ఆ కథ నిజమని చరిత్రకారులూ గట్టిగా చెప్పరు). 1773లో ఆంగ్లికన్ శాఖ క్రైస్తవుడైన జాన్ రాస్‌ను పెళ్ళాడినందుకు క్వేకర్లు ఆమెను వెలివేశారన్నది మాత్రం మనసులో నాటుకుంది. "అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చేసినట్టేనా అమ్మా?" అని అడిగింది.

అవునని ఒక్క ముక్కలో చెప్పడానికి లేదు. ఆ రోజుల్లో క్వేకర్ జంట పెళ్ళికి ముందు వరుసగా రెండు నెలవారీ సభల్లో నిలబడి తమ ఉద్దేశం చెప్పాల్సి ఉండేది. ఆ మధ్యలో సభ్యులు కొందరు వెళ్ళి, ఇద్దరూ ఇంకెవరికైనా మాట ఇచ్చారా, పెద్దవాళ్ళు ఒప్పుకున్నారా అని విచారించేవారు. బయటివారిని చేసుకుంటే ముందు ఇంటికి వచ్చి మాట్లాడేవారు. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిస్తే చాలామంది సంఘంలోనే ఉండిపోగలిగేవారు. లేదంటే వెలి. దానిమీద పై సభకు అప్పీలు చేసుకునే వీలుండేది. వెలిపడ్డవాళ్ళు ఆరాధనకు వచ్చి కూర్చునే వీలు కూడా ఉండేది. మా ఊళ్ళో అప్పీలు ఎక్కడిది, నలుగురూ నీళ్ళు ముట్టుకోనివ్వకపోతే అంతే.

నన్ను కుదిపింది మరొకటి. బిడ్డ పెళ్ళికి లోపాయికారీగా ఒప్పుకున్న తల్లిదండ్రులనూ సంఘం నిలదీసేది! "మనవాళ్ళేనా?" అని ఫోనులో ఆరా తీసే మా పెద్దమ్మలకు ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

ఈ కట్టుబాటే ఇంకోవైపూ పనిచేసింది. జాన్ వూల్మన్ లాంటి క్వేకర్ బోధకులు బానిసలున్న సభ్యుల ఇళ్ళకు వెళ్ళి ఏళ్ళ తరబడి నచ్చజెప్పారు. చివరికి 1776లో ఆ ప్రాంత క్వేకర్లందరి పై సభ అయిన ఫిలడెల్ఫియా వార్షిక సభ, బానిసలను వదలనివాళ్ళను వెలివేయమంది. పెళ్ళిళ్ళ విషయంలో పట్టిన పట్టుకు మనుషులు తగ్గిపోయారు, ఈ పట్టు మాత్రం వాళ్ళ పేరు నిలిపింది.

మా ఇంట్లో మిగిలింది వాళ్ళ ప్రశ్నావళి. ప్రతి సభా తనను తాను ప్రశ్నించుకుని, జవాబులు రాసి పై సభకు పంపాల్సి ఉండేది. ఆరాధనలో ఎవరైనా కునుకు తీస్తున్నారా అన్నదీ అందులో ఒకటి. మా అమ్మాయి అది చదివి పగలబడి నవ్వింది. ఇప్పుడు ఫ్రిజ్ మీద అది రాసిన ప్రశ్నలు ఉన్నాయి, మొదటిది వాళ్ళ నాన్నకు: "సత్యనారాయణ వ్రతకథ జరిగినంతసేపూ ఫోను చూడకుండా కూర్చున్నారా?" జవాబు రాతపూర్వకంగానే కావాలట. ఆయన ఇంకా రాయలేదు.