తుపాన్ల చాప్టర్‌ని ఓడల లాగ్‌బుక్కులతో చదివాను

జాగ్రఫీ ఆప్షనల్‌తో సివిల్స్ మెయిన్స్ రాసేవాళ్లకి, గ్రూప్-1 కోసం విపత్తు నిర్వహణ చదివేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఉష్ణమండల తుపాన్ల చాప్టర్ మనందరి నోట్స్‌లో దాదాపు ఒకేలా ఉంటుంది. సముద్రం 26, 27 డిగ్రీలకు మించి వేడెక్కాలి, భూమి తిరగడం వల్ల గాలిని పక్కకి మళ్లించే కొరియాలిస్ బలం ఉండాలి, పైకి పోయేకొద్దీ గాలి వేగంలో తేడా తక్కువగా ఉండాలి. చదివితే వచ్చేస్తుంది, నెల తిరిగేసరికి మళ్లీ చదవాల్సి వస్తుంది. పాత టైఫూన్ల (పశ్చిమ పసిఫిక్‌లో తుపాన్లని అలా పిలుస్తారు) దారిని ఔట్‌లైన్ మ్యాప్ మీద నా చేత్తో గీయడం మొదలుపెట్టాకే నాకు ఆ చాప్టర్ గుర్తుండిపోయింది. ఉపగ్రహాలు లేని రోజుల్లో ఒక ఓడలో రాసుకున్న గాలి దిశ, గాలి పీడనం కొలిచే బారోమీటర్ అంకె, తీరంలో ఇంకెవరో రాసుకున్న అంకె తీసుకుని, ఆ రోజు తుపాను ఎక్కడుందో కనుక్కోవడం. అంతే పని.

దీనికి ముందుగా కావాల్సింది ఒక్క నియమం. 1857లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ చెప్పాడు: ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మన ఎడమ చేతి వైపు ఉంటుంది. అదే గాలికి ఎదురుగా నిలబడితే కుడి చేతి వైపు. సముద్రపు ఉపరితలం దగ్గర ఘర్షణ వల్ల గాలి లోపలికి వంగుతుంది కాబట్టి, కేంద్రం సరిగ్గా 90 డిగ్రీల దగ్గర కాకుండా ఇంకాస్త వెనక్కి, 110 డిగ్రీల దగ్గర ఉందనుకుని గీయండి. తుపాను గాలుల మీద మొదట్లో పనిచేసినవాళ్లు గాలి పూర్తి వలయంగా తిరుగుతుందనుకున్నారు. దానివల్ల వాళ్లు గుర్తించిన కేంద్రాలు కొంత పక్కకి పోయేవి. ఘర్షణ కొరియాలిస్ ప్రభావాన్ని ఎలా తగ్గిస్తుందో పుస్తకంలో పేరాలకు పేరాలు చదివినా నా బుర్రకి ఎక్కలేదు, ఈ 20 డిగ్రీల తేడా కోణమానినితో కొలిచాక వెంటనే అర్థమైంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఫిలిప్పీన్స్‌కి తూర్పున ఒక ఓడ నిలిచి ఉందనుకోండి. పొద్దున ఈశాన్యం నుంచి గాలి, బారోమీటర్ పడుతోంది. మధ్యాహ్నానికి గాలి తూర్పుకి మారింది, రాత్రికి ఆగ్నేయం నుంచి వీస్తోంది, బారోమీటర్ లేవడం మొదలైంది. మొదటి గాలిని బట్టి కేంద్రం ఓడకి దక్షిణ ఆగ్నేయంలో ఉంది. రెండో గాలికి దక్షిణ నైరుతికి వచ్చింది. మూడో గాలికి పశ్చిమ నైరుతికి పోయింది. అంటే టైఫూన్ ఓడకి దక్షిణంగా, పడమటి వైపు దాటిపోయింది. గాలి గడియారం ముల్లు తిరిగే దిశలో మారిందంటే మనం దాని దారికి కుడివైపు ఉన్నట్టు. గాలి ఉత్తరం, వాయవ్యం, పడమర అలా ఎదురు దిశలో మారితే ఎడమవైపు ఉన్నట్టు. గాలి దిశ మారకుండా బారోమీటర్ మాత్రం పడిపోతుంటే కేంద్రం నేరుగా మన మీదకే వస్తున్నట్టు. ఇది నిలిచి ఉన్న చోటికి సంబంధించిన మాట. ఓడ ప్రయాణంలో ఉంటే దాని వేగం, దిశ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కుడివైపు ఎందుకు ప్రమాదమో కూడా ఇక్కడే తేలిపోతుంది. అటువైపు సుడి గాలి వేగానికి తుపాను ముందుకు కదిలే వేగం తోడవుతుంది. మన తీరంలో అయితే కుడివైపు గాలి సముద్రాన్ని ఒడ్డు మీదకి నెడుతుంది. 1977 నవంబర్ 19న తుపాను చీరాల వైపు తీరం దాటితే ఉప్పెన దివిసీమను ముంచింది. మ్యాప్ తెరిచి ఆ రెండు చోట్లూ చూడండి, దివిసీమ దాని దారికి కుడివైపు ఉంటుంది. ఆ ఉప్పెనలో పోయినవాళ్ల ఊళ్ల మధ్య పెరిగినవాళ్లం మనలో చాలామంది ఉన్నాం. ఈ బొమ్మ మనకి మార్కుల కోసమే కాదు.

ఇక ఆ లాగ్‌బుక్కుల సంగతి. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ 1839 నుంచి బంగాళాఖాతం, చైనా సముద్రాల తుపాన్ల మీద వరసగా పరిశోధన పత్రాలు రాశాడు. ఓడ కెప్టెన్ల లాగ్‌లు సేకరించి పక్కపక్కన పెట్టడమే ఆయన పద్ధతి. 1845లో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే ఓడ తుపానులో చిక్కుకుని గాలికి కొట్టుకుపోతూ దాదాపు ఐదు రోజులు కేంద్రం చుట్టూ ప్రదక్షిణ చేసింది. ఆ ఓడ లాగ్ గాలి సుడి తిరుగుతుందనడానికి ఎదురులేని సాక్ష్యమైంది. దక్షిణార్ధగోళం కాబట్టి అక్కడ అన్నీ తిరగేసి గీయాలి, మంచి ప్రాక్టీసు కూడా. 1853లో బ్రస్సెల్స్‌లో జరిగిన సమావేశం ఓడల్లో వాతావరణం ఎలా నమోదు చేయాలో దేశాలన్నిటికీ ఒకే పద్ధతి పెట్టింది.

తీరం వైపు చూస్తే, మనీలా అబ్జర్వేటరీలో ఫాదర్ ఫౌరా 1879లో టైఫూన్ రాకముందే హెచ్చరిక ఇచ్చాడు. షాంఘై దగ్గర జికావీలో జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘం పాదిరీలు అదే పనిలో ఉన్నారు. చైనా కస్టమ్స్ శాఖ తన లైట్‌హౌసుల్లో వాతావరణం రాయించేది. 1880లో హాంకాంగ్, ఫిలిప్పీన్స్ మధ్య సముద్రపు టెలిగ్రాఫ్ కేబుల్ పడింది. 1883లో హాంకాంగ్ అబ్జర్వేటరీ మొదలైంది. మన దగ్గర 1864లో ఒక్క నెల తేడాతో కలకత్తాని, మచిలీపట్నాన్ని తుపాన్లు ధ్వంసం చేశాయి. ఆ తర్వాత 1866, 1871లో వర్షాలు లేక కరువులొచ్చాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఈ సంవత్సరాలన్నీ విడిగా బట్టీ పట్టక్కర్లేదు. ఒక టైఫూన్ దారి గీస్తుంటే ఏ తీరంలో ఎప్పటి నుంచి అంకెలు దొరుకుతాయో తెలుసుకోవాల్సి వస్తుంది, అలా గుర్తుండిపోతాయి.

తేదీల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. పాత నావికుల రోజు మధ్యాహ్నం పన్నెండుకి మొదలయ్యేది. లాగ్‌లో 18వ తేదీ సాయంత్రం అని ఉంటే అది మామూలు లెక్కలో 17 సాయంత్రం. మనీలా 1844 చివరి దాకా అమెరికా వైపు తేదీని పాటించింది, పక్కనే ఉన్న చైనా తీరం కన్నా ఒక రోజు వెనక. ఆ ఏడాది డిసెంబర్ 31ని వదిలేసి తేదీ సరిచేసుకున్నారు. అంతర్జాతీయ దినరేఖ గురించి రాయాల్సి వస్తే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. బారోమీటర్‌కీ సవరణలుంటాయి. పాదరసం వేడికి వ్యాకోచిస్తుంది, గురుత్వం అక్షాంశాన్ని బట్టి మారుతుంది, పరికరం ఎంత ఎత్తులో ఉందో చూడాలి. పైగా ఉష్ణమండలంలో పీడనం రోజూ రెండుసార్లు, సుమారుగా పదింటికి లేచి నాలుగింటికి పడుతుంది. మామూలు రోజుల్లో తప్పని ఈ క్రమం చెదిరితే తుపాను దగ్గర్లో ఉందని పాత నావికులు పసిగట్టేవారు.

అన్నిటికన్నా ఎక్కువసేపు నేను కూర్చున్నది 1944 డిసెంబర్ 18 టైఫూన్ దగ్గర. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం థర్డ్ ఫ్లీట్ అడ్మిరల్ హాల్సీ కింద ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవికి తూర్పున ఉంది. డిస్ట్రాయర్లనే యుద్ధనౌకల్లో ఇంధనం అడుగంటింది, అలల వల్ల నింపుకోలేకపోయాయి. టైఫూన్ చిన్నది, చుట్టుపక్కల నుంచి రిపోర్టులు తక్కువ. కేంద్రం ఎక్కడుందో హాల్సీ బృందం వేసిన అంచనా తప్పింది. హల్, మొనాఘన్, స్పెన్స్ అనే మూడు డిస్ట్రాయర్లు మునిగి దాదాపు 790 మంది చనిపోయారు. బతికి బయటపడిన డ్యూయీ ఓడలో బారోమీటర్ 27.30 అంగుళాలకి పడింది, అంటే సుమారు 924 హెక్టోపాస్కల్. తర్వాత పసిఫిక్ నౌకాదళాధిపతి అడ్మిరల్ నిమిట్జ్ తన అధికారులకి రాసిన లేఖలో బయటి హెచ్చరికల కోసం ఎదురుచూడకుండా కెప్టెన్ గాలిని, సముద్రాన్ని, బారోమీటర్‌ని చూసి సకాలంలో నిర్ణయం తీసుకోవాలన్నాడు. ముందస్తు హెచ్చరికల మీద సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మూడో పేపర్ (జీఎస్-3)లో ప్రశ్న వస్తే ఇది రాయండి. హెచ్చరిక చేరడం, దాన్ని చదివి కదలడం రెండూ వేరు వేరు పనులని ఈ ఒక్క కేసు చూపిస్తుంది.

ఈ పాత రికార్డులకి ఒక పెద్ద లోటుంది. మునిగిన ఓడ లాగ్ మనకి చేరదు. ఓడలు తిరగని సముద్రంలో పుట్టి అక్కడే చల్లారిన టైఫూన్ ఎవరి పుస్తకంలోనూ ఉండదు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఓడల దారులే మారిపోయాయి. రేడియో వచ్చాక కెప్టెన్లు తుపానుని తప్పించుకుని పోయేవారు కాబట్టి దాని నడిబొడ్డు నుంచి అంకెలు తగ్గాయి. ఉపగ్రహాలు 1960ల నుంచే ఉన్నాయి. అందుకే 'వందేళ్లలో తుపాన్ల సంఖ్య పెరిగింది' అని ఒక్క వాక్యంలో తేల్చేయకండి. చూసేవాళ్లు పెరగడం వల్ల ఎంత, నిజంగా పెరగడం వల్ల ఎంత అన్నది విడదీయడం కష్టమని ఒక మాట రాయండి. వాతావరణ మార్పుల ప్రశ్నలో ఈ ఒక్క మాట మీ జవాబుని మిగతావాటి నుంచి వేరు చేస్తుంది.

2014 జీఎస్-1లో తుపాన్లు దక్షిణ చైనా సముద్రం, బంగాళాఖాతం, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలకే ఎక్కువగా పరిమితం ఎందుకని అడిగారు. 2022లో తుపాను హెచ్చరికల రంగుల గురించి అడిగారు. రెండిటికీ బొమ్మ వేయొచ్చు. సుడి, దారి, కుడివైపు గీతలు, తీరం, ఉప్పెన బాణం గీయడానికి నిమిషం పడుతుంది, అదీ ముందు ఇంట్లో చేయి తిరిగి ఉంటే. మొదలుపెట్టేవాళ్లు 1944 టైఫూన్‌తోనే మొదలుపెట్టండి, దాని మీద సమాచారం తేలిగ్గా దొరుకుతుంది. ట్రేసింగ్ పేపర్, కోణమానిని, పెన్సిల్ చాలు. గీశాక వాతావరణ సంస్థలు ప్రచురించిన దారితో పోల్చి చూడండి, ఎక్కడ తేడా వచ్చిందో పక్కన రాసుకోండి. ఎవరైనా మచిలీపట్నం 1864 తుపాను మీద పనిచేస్తే ఆ మ్యాప్ నాకూ చూపించండి.